గెలవకూడని ఆట

శోణగిరి కోట నడిబొడ్డున, పురి విప్పిన నెమలిలా నిలిచి ఉంటుంది మయూర మంటపం. పైకప్పుకు పొదిగిన పచ్చలూ నీలాలూ ఎండను ముక్కలు ముక్కలు చేసి పాలరాతి నేల మీద వెదజల్లుతుంటాయి. నూటపదహారు స్తంభాలు. ఒక్కో స్తంభం మీద ఒక్కో యుద్ధం చెక్కి ఉంది. ఏనుగులు తొండాలెత్తి, గుర్రాలు ముంగాళ్లెత్తి, విలుకాళ్లు వింటినారి చెవిదాకా లాగి, ఎవరో ఆగమన్నట్టు అక్కడికక్కడే ఆగిపోయి ఉంటారు.

ఆ మంటపంలో ఏటా చైత్రమాసంలో మూడు రోజులు చదరంగం పోటీలు. కొలువులో జీతం పుచ్చుకుని ఆడే ఆటగాళ్లకు అందులో చోటు లేదు. కమ్మరి కానీ, సామంతుడు కానీ, సరదా కొద్దీ ఆడేవాళ్లే ఆడాలి. మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి ఆట మొదలైంది. నల్లపావుల వైపు కూర్చున్న బక్కపలచటి యువకుడు తన పేరు తారానాథుడని రాయించుకున్నాడు. అది నిజం కాదు. అతని మీసం గుర్రపు వెంట్రుకలతో అతికించింది. తలపాగా కింద నడుం దాకా జడ చుట్టి ఉంది. అసలు పేరు తారావళి. కోటలో గుర్రాల శిక్షకుడు రేవణ్ణ కూతురు.

ఏడాది కిందట యువరాజు వసంతకేతుడు వేటలో పులివాత పడ్డాడని రాజగురువు కంకాళభట్టు వచ్చి చెప్పాడు. దేశమంతా ఏడ్చింది, నమ్మింది. నమ్మనివాడు రేవణ్ణ ఒక్కడే. యువరాజు గుర్రం జీను మీద నెత్తుటి చుక్క లేదు, కళ్లెం తెగలేదు. ఆ మాట రాజుతో చెప్పబోయి, నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే శిల అయిపోయాడు. అబద్ధానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు కంకాళభట్టు. రాజు ఉదయమార్తాండుడు అదీ నమ్మాడు.

ఏడాదిపాటు తారావళి అడవులూ కొండలూ తిరిగి నిజం తెలుసుకుంది. రాజగురువు అసలుకు మాంత్రికుడు. యువరాజు బతికే ఉన్నాడు. కోట పడమటి కొసన ఉన్న కాకిబురుజులో గొలుసులతో బంధించి ఉన్నాడు. ఈ అమావాస్య నాటి సూర్యాస్తమయానికి అతన్ని తన క్షుద్రదేవతకు బలి ఇస్తాడు కంకాళభట్టు. యువరాజు బయటపడి తన చేత్తో తాకితేనే రేవణ్ణ మళ్లీ మనిషవుతాడు. ఆ అమావాస్య ఇవాళే.

బురుజును చుట్టుకుని పొగపాము ఒకటి కాపలా ఉంటుంది. మాంత్రికుడి చేతిలో మంత్రదండం ఉన్నంతసేపూ అది చీమను కూడా దాటనివ్వదు. దండం చేయి విడిచిందా, ఎండిన తీగలా పడి ఉంటుంది. ఏడాదిలో ఆ దండం మాంత్రికుడి చేయి విడిచేది ఒక్క సందర్భంలోనే. చదరంగం ఆఖరి ఆటకు రాజగురువే న్యాయనిర్ణేత. ఆయుధమైనా, దండమైనా రాజు ముందు గంధపు పెట్టెలో పెట్టి కూర్చోవాలి. ఓడినవాడు తన రాజుపావును పలక మీద పడుకోబెట్టేదాకా న్యాయనిర్ణేత పీట మీంచి లేవకూడదు. లేస్తే తల వెయ్యి వ్రక్కలవుతుందని ఆ మంటపం కట్టిన పూర్వరాజు పెట్టిన ఆన. దానికి మాంత్రికుడూ భయపడతాడు.

తారావళి ఎత్తుగడ అంతా దాని మీదే. ఆమె ఆడుతూ ఉంటుంది. ఆమె నేస్తం ఉడుముల సింగన్న, ఉడుమును పట్టుకుని నిట్టనిలువు గోడలెక్కడంలో దిట్ట, బురుజెక్కి కిటికీ చువ్వలూ, గొలుసులూ కోస్తాడు. పని ముగిశాక తన ఎర్ర తలపాగాను బురుజు చువ్వలకు కడతాడు. తనకు మూడు గడియలు కావాలన్నాడు. దానికేం అంది తారావళి. పోటీలో ఆమెకు సరిజోడు కంచరి బోడన ఒక్కడే. అతనితో ఆటంటే నాలుగు గడియలకు తక్కువ కాదు.

అయితే బోడన ముందు ఆటలోనే ఓడిపోయాడు. తొమ్మిది ఎత్తుల్లో. కావాలనే.

ఎందుకంటే అతని ఎదుట కూర్చున్నది రాజుగారి బావమరిది పృథుసేనుడు. మనిషి ధాన్యపు గాదెలా ఉంటాడు. నవ్వితే మూడు గడ్డాలూ కదులుతాయి. చదరంగమంటే ప్రాణం. ఆట మాత్రం రాదు. రాదన్న సంగతి అతనికి చెప్పే ధైర్యం శోణగిరిలో ఎవరికీ లేదు. ఎదురుగా కూర్చున్న ప్రతివాడూ వణికిపోతూ ఓడిపోతుంటే, నిజంగా తానే గెలుస్తున్నానని నమ్మి, ఆఖరి ఆట దాకా వచ్చి కూర్చున్నాడు.

"భయపడకు అబ్బాయీ. ఓడిపోతేనే ఆట వస్తుంది. నేను చెబుతుంటాను, నేర్చుకో," అన్నాడు తాంబూలం నములుతూ.

రెండో ఎత్తుకే తారావళికి చచ్చే చావు వచ్చింది. పృథుసేనుడు తన రాజు పక్కనున్న రెండు బంట్లనూ గబగబా ముందుకు తోసేశాడు. నల్లమంత్రి ఏటవాలుగా ఒక్క పరుగు తీస్తే ఆటకట్టు. మంత్రి మీదికి వెళ్లిన చేతిని ఆమె నిప్పు తాకినట్టు వెనక్కి లాక్కుంది. పలక చివర ఎక్కడో పనీ పాటా లేని బంటును ఒక గడి జరిపింది. కిటికీలోంచి చూసింది. పడమటి గోడలో ఆ సన్నటి కిటికీ ఉంది. అడ్డంగా ఉన్న స్తంభాల వల్ల నల్లపావుల పీట మీద కూర్చున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ అందులోంచి బురుజు కనిపించదు. సింగన్న ఇంకా బురుజు మొదట్లోనే ఉన్నాడు.

ఎత్తు ఎత్తుకూ గడువు ఉంది. నీళ్ల గంగాళంలో అడుగున చిల్లున్న చిన్న ఇత్తడి గిన్నె వదులుతారు. అది మునిగేలోపు ఆడాలి. తారావళి ప్రతిసారీ గిన్నె అంచు నీళ్లకు తాకేదాకా ఆగేది. పృథుసేనుడు మాత్రం ఆమె చెయ్యి పావు మీంచి తీయకముందే టపీమని తన ఎత్తు వేసేసేవాడు.

"ఎందుకంత ఆలోచన? నన్ను చూడు. నాకు తోచిందే ఎత్తు," అని గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ తోచిన ఎత్తులు ఆమె ప్రాణం తోడేశాయి. గుర్రాన్ని తెచ్చి ఆమె బంటు నోట్లో పెట్టాడు. ఆమె తినలేదు. ఏనుగును తెచ్చి మంత్రి ఎదుట నిలబెట్టాడు. చూడనట్టు ఊరుకుంది. చివరికి సాక్షాత్తూ తన మంత్రినే ఆమె రెండు బంట్ల మధ్య పెట్టి, ఎలా ఉందన్నట్టు కనుబొమలెగరేశాడు. దాన్ని తింటే ఆట పది ఎత్తుల్లో అయిపోతుంది. తినకపోతే, ఎలా తినకుండా ఉండగలిగిందో చూసేవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి. పోనీ తన బలగమే కాస్త తగ్గించుకుందామని ఆమె ఒక ఏనుగును ఎదురుగా పెట్టింది. పృథుసేనుడు దాన్ని తీసుకోలేదు, అసలు చూడనే లేదు. ఇస్తే తీసుకోడు, తీసుకోకపోతే ఇస్తూనే ఉంటాడు. ఇంతకంటే అడవిలో పులితో కుస్తీ పట్టడం నయమనుకుంది తారావళి.

దానికి తోడు పాఠాలు. గుర్రం ఎలా నడవాలో గుర్రాల శిక్షకుడి కూతురికి బోధించాడు. మంత్రిని మొహమాటపెట్టకూడదన్నాడు. మధ్యలో సేవకుల్ని పిలిచి అరిసెలు తెప్పించుకున్నాడు. నేతి చేతులతో ముట్టుకున్న పావు జారి పలక మీద పడితే, అది ఎక్కడ పడిందో అదే తన ఎత్తని ప్రకటించాడు. పడిన చోటును తారావళి మళ్లీ చూసుకుంది. ఆ తెల్లగుర్రం తన రాజుకు ఊపిరాడని చోట పడింది. మరో గుర్రం కదిలితే తనకే ఆటకట్టు. మంచి ఆటగాడి మనసులో ఏముందో ఊహించవచ్చు. ఏమీ లేని మనసులో ఏముందని ఊహించేది? రాజును పక్కకు జరపడానికి గడి లేదు. గిన్నె మునగబోతుంటే ఏదో ఒకటి ఆడి, పళ్లు బిగించి కూర్చుంది.

పృథుసేనుడు రెండో గుర్రాన్ని పట్టుకున్నాడు. గాల్లో తిప్పాడు. అతను దాన్ని తెచ్చి ఇంకో మూలన పెట్టి, తొందరపడి దాడి చేయడం పిల్లచేష్ట అని తీర్పు చెప్పాడు.

బురుజు మీద సింగన్న సగం దూరం ఎక్కాడు. అక్కడ ఉడుము జారినట్టుంది, రెండు నిలువులు కిందికి దిగిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. తారావళికి ఏడుపొచ్చింది. అక్కడ ఎక్కేవాడు దిగుతున్నాడు, ఇక్కడ ఓడకూడనివాడు ఓడడానికి ఎగబడుతున్నాడు.

అరిసె నములుతూ పృథుసేనుడు ఉన్నట్టుండి మామూలు గొంతుతో అన్నాడు. "నన్ను ఓడించినవాడు ఒక్కడే ఉండేవాడు, తెలుసా? మా వసంతుడు. నా మేనల్లుడు. ఏడేళ్ల వయసప్పుడే నన్ను ఓడించి, మావయ్యా ఏడవకు అని నా కళ్లు తుడిచాడు. వాడు పోయాక నన్నెవరూ ఓడించలేదు."

నీ మేనల్లుడు ఆ కిటికీ అవతలే ఉన్నాడయ్యా అనే మాట తారావళి నాలుక చివరిదాకా వచ్చింది. ఏడడుగుల దూరంలో కంకాళభట్టు ఆమె వంకే చూస్తున్నాడు. ఆ కళ్లు ఆరిన బొగ్గుల్లా ఉన్నాయి. ఆమె మాట మింగేసి బంటును జరిపింది.

కంకాళభట్టు దగ్గాడు. అతనికి ఆట బాగా తెలుసు. మొదట్లో ఈ కుర్రాడూ అందరిలాగే బావమరిదికి భయపడి ఓడిపోతున్నాడనుకున్నాడు. కానీ ఓడిపోవడమూ లేదు. పొద్దు పడమటికి వాలుతోంది, అతనికి బలి వేళ దగ్గరపడుతోంది.

"మహారాజా, న్యాయనిర్ణేతగా ఒక మాట చెప్పడం నా ధర్మం. ఈ తారానాథుడికి మూడుసార్లు గెలుపు చేతికందింది. మూడుసార్లూ చూసి వదిలేశాడు. ఇది ఆట కాదు, వేళాకోళం. ఇక చాలించమని సెలవివ్వండి," అన్నాడు.

పృథుసేనుడు నమలడం ఆపాడు. పలక వైపు చూశాడు. బహుశా జీవితంలో మొదటిసారి, ఒక్కో పావునూ విడిగా, జాగ్రత్తగా చూశాడు. అతని వేలు నల్లమంత్రి నుంచి తన రాజు దాకా ఏటవాలుగా గాల్లో గీత గీసి ఆగిపోయింది. ఆ పెద్ద ముఖం మెల్లగా ఎర్రబడింది.

"నిజమేనా?" అని అడిగాడు.

తారావళి తల వంచుకుంది.

"బోడన కూడా?"

వంచిన తల ఎత్తకుండానే ఆమె ఔనన్నట్టు ఊపింది. పృథుసేనుడు అరిసె పళ్లెం పక్కకు నెట్టాడు. అతని చెయ్యి తన రాజుపావు మీదికి వెళ్లింది. దాన్ని పడుకోబెడితే ఆట అక్కడితో సరి. కంకాళభట్టు అప్పుడే లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనించాడు. కిటికీ అవతల సింగన్న ఇంకా చువ్వలు కోస్తున్నాడు.

తారావళి చప్పున అతని మణికట్టు పట్టుకుంది. రాజబంధువు చెయ్యి పట్టుకున్నందుకు భటులు కత్తుల మీద చేతులు వేశారు.

"దొరా, మీరు పడుకోబెడితే ఇదీ అబద్ధపు గెలుపే అవుతుంది, నాకు. మొదటినుంచీ ఆడదాం. ఈసారి దొరికింది వదలను. మా అయ్య మీద ఒట్టు," అంది.

పృథుసేనుడు బావగారి వైపు తిరిగి, ఈ ఆట చెల్లదనీ, తనకు నిజమైన ఆట కావాలనీ, అది లేకుండా ఈ మంటపం మెట్లు దిగనని చెప్పాడు. పొద్దు పోతోందని కంకాళభట్టు అడ్డుచెప్పాడు. రాజు ఉదయమార్తాండుడికి బావమరిది కంటతడి పెట్టడం చూసి ఏడాదైంది, కొడుకు పోయిన రోజున. ఇప్పుడు ఆ కళ్లు మళ్లీ చెమ్మగిల్లాయి. ఆయన సరేనన్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. తారానాథుడు ఇంకొక్కసారి గెలుపును చూసి వదిలేస్తే ఆట అక్కడే ముగిసినట్టు. కనిపెట్టవలసింది న్యాయనిర్ణేత.

పావులు మళ్లీ పేర్చారు. రెండో ఆటకు రంగులు మారతాయి, పీటలూ మారతాయి. తారావళి తెల్లపావుల వైపు వచ్చి కూర్చున్నాక గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. కిటికీ ఇప్పుడు ఆమె వీపు వెనక ఉంది. సింగన్న ఏమయ్యాడో, తలపాగా కట్టాడో లేదో చూసే దారి లేదు. వెనక్కి తిరిగితే కంకాళభట్టూ తిరుగుతాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆట మొదలైంది. ఆమె మాట ఇచ్చినట్టే ఆడింది. మొదట బంటు పోయింది, తర్వాత గుర్రం. పృథుసేనుడు అరిసెలు ముట్టలేదు, పాఠాలు చెప్పలేదు. రెండు చేతుల్లో తల పట్టుకుని, పెదవులు కదుపుతూ ఆలోచించాడు. ప్రతి ఎత్తుకూ గిన్నె నిండా మునగబోయేదాకా ఆలోచించాడు. మధ్యాహ్నం నుంచీ ఈ మనిషి ఒక్క క్షణం నిదానిస్తే చాలునని వేయి దేవుళ్లకు మొక్కుకున్న తారావళికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు నిదానిస్తున్నాడు, తనే అతన్ని నరికేస్తోంది.

పదహారో ఎత్తుకు అతను ఒక మంచి ఎత్తు వేశాడు. తోచిన ఎత్తు కాదు, చూసి వేసిన ఎత్తు. ఆమె ఏనుగు ఇరుక్కుంది. పోగొట్టుకోక తప్పలేదు. ఆ ఏనుగును చేతిలోకి తీసుకుని పృథుసేనుడు పసిపిల్లాడిలా చూసుకున్నాడు. మంటపంలో ఎవరో భేష్ అన్నారు. అది భయంతో అన్నది కాదు. తారావళి కూడా మనసులో అనుకుంది.

ఆ సంబరంలోనే అతను తన రాజును మరిచాడు. ఇరవైరెండో ఎత్తుకు గెలుపు ఆమె ఎదుట నిలబడింది. మంత్రి రెండు గడులు ముందుకు వెళితే చాలు. కంకాళభట్టు మెడ ముందుకు చాపాడు. అతను చూశాడు, ఆమె చూసిందనీ చూశాడు. వదిలితే ఆట ముగుస్తుంది. ఆడినా ముగుస్తుంది. గిన్నె మునిగేదాకా ఆగింది. ఇక ఆగడానికేమీ మిగల్లేదు.

"ఆటకట్టు, దొరా," అంది.

పృథుసేనుడు పలకంతా వెతికాడు. పావు పావునూ తడిమాడు. తర్వాత అతని ముఖం నిండా నవ్వు పరుచుకుంది, మూడు గడ్డాలూ కదిలాయి. సంవత్సరం తర్వాత ఒక ఆట ఆడానన్నాడు. రాజుపావును చేతిలోకి తీసుకున్నాడు. ఆమెకు నమస్కరించడానికని తలెత్తాడు.

తలెత్తినవాడు అలాగే ఉండిపోయాడు. అతని చూపు ఆమె భుజం మీదుగా కిటికీలోకి వెళ్లింది. నవ్వు అక్కడే గడ్డకట్టింది. రెండు కళ్లలోంచీ నీళ్లు బొటబొటా రాలాయి. ఆమె వెనక్కి తిరగలేదు. తిరగవలసిన పని లేదు. ఏడాది కిందట పిండం పెట్టిన మేనల్లుడు తాడు పట్టుకుని గోడ దిగుతుంటే మేనమామ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం.

"ఓడినందుకు ఇంత ఏడుపా?" అన్నాడు కంకాళభట్టు విసుగ్గా. "రాజును పడుకోబెట్టండి. నాకు పూజకు వేళవుతోంది."

పృథుసేనుడు కళ్లు తుడుచుకోలేదు. తారావళి వంక ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో ప్రశ్న ఉంది. ఆమె రెప్ప వాల్చి ఎత్తింది. అంతే, అతను రాజుపావును గుప్పిట్లో బిగించి, పీట మీద సర్దుకు కూర్చున్నాడు.

"గిన్నె వదలండి," అన్నాడు సేవకుడితో. "నాకింకా ఎత్తుందేమోనని చూస్తున్నాను."

"ఎత్తేమిటి? ఆట అయిపోయింది."

"గురువుగారూ, నాకు ఆట రాదని తమరే కదా బయటపెట్టారు. రానివాడికి కాస్త సమయం పడుతుంది."

సభలో నవ్వులు లేచాయి. రాజు కూడా నవ్వి చెయ్యి ఊపాడు. ఇత్తడి గిన్నె నీళ్ల మీదికి దిగింది. అడుగున చిల్లులోంచి నీరు సన్నటి ఊటలా పైకి చిమ్మసాగింది. పృథుసేనుడు నుదురు చిట్లించి, లేని ఎత్తు కోసం పలకలో అరవైనాలుగు గడులూ వెతికాడు. కళ్లు మాత్రం మాటిమాటికీ కిటికీ మీదికి పోతున్నాయి. పోకుండా ఉండడం అతని వల్ల కాలేదు.

నాలుగోసారి కంకాళభట్టు ఆ చూపును పట్టుకున్నాడు. దాని వెంట మెల్లగా మెడ తిప్పాడు. స్తంభం అడ్డొచ్చింది. పీట మీంచి లేవకుండానే నడుం వంచి, ఇంకా వంచి, కిటికీలోకి తొంగిచూశాడు.

అతని గొంతులోంచి వచ్చిన కేక మనిషిది కాదు. మంటపం చూరుకు వేలాడే గంటలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి. లేవలేడు, తల పగులుతుంది. "దండం, నా దండం," అని గంధపు పెట్టె వైపు చేతులు చాపి, అడ్డొచ్చిన భటుణ్ణి పట్టుకుని, పెట్టె తెమ్మని ఊపేశాడు. ఏం జరుగుతోందో అర్థం కాక రాజు సింహాసనం మీంచి లేచాడు. గురువుగారి ఆజ్ఞకు అలవాటుపడ్డ భటుడు పెట్టెకేసి పరుగెత్తాడు.

తారావళి పలక మీంచే దూకింది. మంత్రులూ బంట్లూ నాలుగు దిక్కులా దొర్లిపోయాయి. ఆమె కాలు భటుడి మోకాలికి తగిలింది. అతను బోర్లాపడ్డాడు, పెట్టె మూత ఊడింది, నల్లటి దండం పాలరాతి మీద గిరగిరా తిరుగుతూ మాంత్రికుడి వైపే జారింది. అతని వేళ్లకు జానెడు దూరంలో పృథుసేనుడి పాదం దాని మీద పడింది.

"పో అబ్బాయీ, నా వసంతుణ్ణి చూసుకో," అన్నాడతను. అతని గుప్పిట్లో రాజుపావు ఇంకా అలాగే ఉంది.

తారావళి సన్నటి కిటికీలో పక్కకు తిరిగి దూరింది. రాతి అంచుకు తలపాగా పట్టుకుని ఊడిపోయింది. నడుం దాకా జడ జారి గాలిలో ఎగిరింది. వెనక సభంతా గొల్లుమంది. ఆమెకు ఇప్పుడు దానితో పని లేదు. కింద మంటపాన్ని చుట్టిన కందకం, కందకం అవతల కాకిబురుజు, బురుజు నడుమ తాడుకు వేలాడుతూ రెండు ఆకారాలు. వెనకనుంచి ఎవరో నొప్పితో మూలిగిన చప్పుడు వినిపించింది. అది పృథుసేనుడిది. మాంత్రికుడి వేళ్లు దండం కొసకు అందినట్టున్నాయి.

బురుజు గోడకు ఎండుతీగలా అంటుకుని ఉన్న పొగపాము తోక ఒక్కసారి కదిలింది.

తారావళి కందకంలోకి దూకింది.